సాయంత్రపు బడి గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు, పిల్లల్ని దగ్గరుంచుకుని చదివిస్తున్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

గురువారం రాత్రి గురించి ఊళ్లో తలో మాటా అనుకుంటున్నారు. జరిగింది ఇదీ. ఆరున్నరకి కరెంటు పోయింది, వాన జోరందుకుంది. గదుల్లోని పిల్లల్ని వరండాలోకి చేరుస్తున్నాం. ఆ పది నిమిషాలూ గేటు దగ్గర ఎవరూ లేరు. అది మా తప్పే, నా తప్పే. ఏడో తరగతి బాబు ఒకడు అప్పుడే బయటపడి, కాలువ గట్టెక్కి పక్క ఊళ్లోని మేనత్త ఇంటికి నడిచిపోయాడు. ఎనిమిదిన్నరకి వాళ్ల దగ్గర్నుంచి ఫోను వచ్చేదాకా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. లాకుల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయి మరి. టార్చిలైట్లు పట్టుకుని గట్టంతా తిరిగిన కుర్రాళ్లందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇకమీదట పెద్దవాళ్లెవరైనా వచ్చి రిజిస్టరులో సంతకం పెడితేనే పిల్లల్ని పంపుతాం. సాయంత్రపు బడి ఏడింటికి అయిపోతుందని జూన్ నుంచీ చెబుతున్నాను. ఏడున్నరకి వచ్చేవాళ్లున్నారు, ఎనిమిదికి వచ్చేవాళ్లూ ఉన్నారు. పంట కోతల రోజుల్లో మీ కష్టం నాకు తెలుసు. కానీ సీరియల్ అయ్యాక బయల్దేరామని నాతోనే అన్నవాళ్లకి ఏం చెప్పను? గేటు కమ్మీలు పట్టుకుని రోడ్డు వంక చూసే పిల్లల మొహాలు ఒక్కసారి వచ్చి చూడండి. అన్నం తినడం లేదని చేతిలో ఫోను పెట్టడం కూడా దయచేసి మానండి. పొద్దున్న క్లాసులో నిద్రకళ్లతో కూర్చునేది ఆ పిల్లలే.

"ఇంత టెన్షన్ ఎందుకు, మూసేయండి" అని కొందరు పెద్దలు అన్నారు. మూసేయను. రిటైరైన లెక్కల మాస్టారు వారానికి నాలుగు రోజులు పైసా తీసుకోకుండా సైకిలు మీద వస్తున్నారు. డ్వాక్రా అక్కచెల్లెళ్లు శనగలు ఉడకబెట్టి పంపుతున్నారు. దింపు తీయించిన రోజు కొబ్బరి రైతులు మన బడి పేరు మీద కాయలు పక్కన పెడుతున్నారు, నోటుపుస్తకాలు ఆ డబ్బుతోనే వస్తున్నాయి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసుకుంటున్న తల్లులు కూడా తమ జీతంలోంచి పంపారు. ఇంతమంది చేతుల మీద నిలబడినదాన్ని ఒక్క రాత్రికి భయపడి ఆపడానికి నాకు మనసు రాదు.

పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్షకి పంపే పిల్లల జాబితాలో, పేరు, పుట్టిన తేదీ వచ్చి సరిచూసుకోండి. యూనిట్ టెస్టు పేపర్లు పిల్లల బ్యాగుల్లో ఉన్నాయి, రెండో శనివారం సెలవు.

ఆఖరి అరగంట కథల పుస్తకాలు చదివించడం దండగ, ఆ టైములో కూడా లెక్కలే చెప్పించమని మీలో కొందరు అడుగుతున్నారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. లెక్క రాని పిల్లల్లో చాలామందికి రానిది లెక్క కాదు, ప్రశ్న చదివి అర్థం చేసుకోవడం. గ్రంథాలయోద్యమానికి పితామహుడని పేరుపొందిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన గోదావరి పక్క కొంకుదురులో పుట్టినవారే. 1914లో బెజవాడలో గ్రంథాలయాలవాళ్లని ఒకచోట చేర్చి మహాసభ జరిపించారు. ఆ రోజుల్లో ఎన్నో ఊళ్లలో పుస్తకాల గది లేచింది చందాలతోనే, మన సాయంత్రపు బడి లాగానే. జూన్‌లో ఒత్తులు పలకలేక ఏడ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఇప్పుడు రోజూ రాత్రి వాళ్ల అమ్మమ్మకి కథ చదివి వినిపిస్తోంది. ఆ ముసలావిడ బడికొచ్చి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. గురువారం ఆ చీకట్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, తను చదివిన కథలు పుస్తకం లేకుండానే ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. ఒక్కళ్లు కూడా ఏడవలేదు. ఆ గొంతు వింటూనే నేను పిల్లల్ని లెక్కపెట్టాను, ఒకడు తక్కువున్నాడని అప్పుడే తెలిసింది.

సోమవారం నుంచి గేటు దగ్గర ఆరు నుంచి ఏడున్నర దాకా తల్లిదండ్రులకి వంతులు వేస్తున్నాం. నలుగురు పేర్లిచ్చారు. బుధవారం, శుక్రవారం ఇంకా ఖాళీ. రాగలిగినవాళ్లు ఆఫీసు గదిలో పేరు రాయించండి, వచ్చేటప్పుడు టార్చిలైటు తెచ్చుకోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు