చాకుకి కూడా ఒక టోకెన్ ఇవ్వండి

సంపాదకుడిగారికి నమస్కారం.

పోయిన నెల ఒక పెద్ద సభకి వెళ్లాను. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అన్నది ఇక్కడ అనవసరం. గేటు దగ్గర తనిఖీ జరుగుతోంది. జేబుల్లో ఉన్నవన్నీ ట్రేలో పెట్టమన్నారు. తాళాలు, కళ్లజోడు, చిల్లర, బీపీ మాత్రలు, ఒక మడతచాకు పెట్టాను. మిగతావి నా చేతికిచ్చి, చాకుని మాత్రం ఆ కుర్రాడు పక్కనున్న అట్టపెట్టెలోకి విసిరాడు. అందులో అప్పటికే లైటర్లు, అగ్గిపెట్టెలు, గుట్కా పొట్లాలు, ఎవరిదో సెంటు సీసా ఉన్నాయి. "వెళ్లేటప్పుడు తీసుకోవచ్చా బాబూ?" అని అడిగాను. "చూద్దాం సార్, ముందు నడవండి, వెనక లైన్ ఆగిపోయింది" అన్నాడు. రెండున్నర గంటల తర్వాత వచ్చి చూస్తే పెట్టె లేదు, కుర్రాడూ లేడు.

దాని ఖరీదు చెబితే నవ్వుతారు. కానీ అది మా నాన్నది. ఆయన కడియం నర్సరీల్లో నలభై ఏళ్లు అంట్లు కట్టారు. గులాబీకి కన్నంటు కట్టడం చూసినవాళ్లకి తెలుస్తుంది, ఆ పనంతా చాకు మీదే నడుస్తుంది. నాటు గులాబీ కాండం మీద అడ్డంగా ఒక గాటు, దాని మధ్య నుంచి కిందికి నిలువుగా ఇంకో గాటు పెట్టాలి. బెరడే తెగాలి, లోపలి చెక్క మీద గీత పడకూడదు. బెరడుని రెండు పక్కలకీ మెల్లగా విప్పి, మంచి రకం నుంచి కోసి తెచ్చిన కన్నుని అందులో దూర్చి, కన్ను ఒక్కటి బయటికి కనపడేలా ప్లాస్టిక్ రిబ్బన్ చుట్టాలి. చాకు మొద్దుబారితే బెరడు తెగదు, నలుగుతుంది. నలిగితే కన్ను పట్టదు. అందుకే ఆయన రోజూ పొద్దున్నే సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు చల్లుకుని కూర్చునేవారు. పదును చూడటానికి అలుగుని, అంటే చాకులో కోసే భాగాన్ని, ఎడమ బొటనవేలి గోటి మీద ఆనించేవారు. జారితే ఇంకా సాన పట్టాలి, గోటిని పట్టుకుని నిలిచిందా, చాలు. ఆ చాకుతో మామిడికాయ కోసుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. పులుపుకి ఇనుము నల్లబడుతుందని, దానికి వేరే చాకు ఉండేది.

ఆ రెండు చాకులతో మొదలైన పిచ్చి నాది. ఇప్పుడు ఒక బిస్కట్ డబ్బాలో ముప్పై ఒకటి ఉన్నాయి. కాదు, ముప్పై. కూర తరగడానికి ఒక్కటీ పనికిరాదని మా ఆవిడ ఫిర్యాదు. జపాన్‌లో ఒకప్పుడు బడి పిల్లలు పెన్సిల్ చెక్కుకున్న హిగొనొకామి ఒకటుంది. మడిచిన రేకే దాని పిడి, స్ప్రింగు లేదు, లాక్ లేదు, బొటనవేలితో నొక్కి పట్టుకోవడమే. ఫ్రాన్స్ కొండప్రాంతంలో 1890లో మొదలైన ఓపినెల్ చెక్కపిడి చాకు మా అమ్మాయి తెచ్చింది. విమానంలో చెక్‌-ఇన్ సామానులో వేసుకుని తెచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. కొడగు వాళ్లు పండగ బట్టల మీద నడుముకి దోపుకునే పీచెకత్తి కొనే స్తోమత నాకు లేదు, ఫొటోతో సరిపెట్టుకున్నాను. అడకత్తెరలు కూడా దాస్తారా అని అడిగేవాళ్లున్నారు. దాస్తాను, నాలుగున్నాయి.

ఇక చట్టం సంగతి. ఇదంతా నేను పోయిన నెల దాకా చదవలేదు, చాకు పోయాక చదివాను. ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద 2016లో వచ్చిన నిబంధనల్లో కత్తులకి కొలత రాసిపెట్టారు. అలుగు 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్నవి ఆయుధాల జాబితాలోకి వస్తాయి. వాటిలో కూడా ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని పక్కన పెట్టారు. మా నాన్న చాకు అలుగు రెండున్నర అంగుళాలు. ఢిల్లీలో ఇంకా గట్టిగా ఉంటారు. అక్కడ 1980 నాటి ఉత్తర్వు ప్రకారం స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే చాకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, ఆ పైన ఉంటే బహిరంగ ప్రదేశాల్లో వెంట ఉంచుకోకూడదు. 2022లో దేశీయ విమానాల్లో సిక్కుల కిర్పాన్‌కి అనుమతిచ్చినప్పుడు కూడా అలుగు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదని స్పష్టంగా రాశారు. విమానంలోకే కొలత రాయగలిగినవాళ్లు సభ గేటు దగ్గర ఎందుకు రాయలేరు? మన పిల్లలు చదువుకోవడానికి వెళ్తున్న బ్రిటన్‌లో కూడా 3 అంగుళాల లోపు మడతచాకుకి కారణం చెప్పక్కర్లేదు. కానీ తెరిచాక లాక్ పడే చాకైతే ఎంత చిన్నదైనా సరే, సరైన కారణం చూపించాలి. వెళ్లే పిల్లలకి ఎవరైనా చెప్పండి, పనికొస్తుంది.

నేను అమాయకుణ్ణేం కాదు. పుట్టినరోజు కేకుని తల్వార్‌తో కోసి రీల్ పెట్టే కుర్రాళ్లని నేనూ చూస్తున్నాను. వాళ్ల మీద కేసు పెడితే నాకు సంతోషమే. బటన్ నొక్కితే టక్కున బయటికొచ్చే చాకులు ఆన్‌లైన్‌లో కొని జేబులో వేసుకు తిరిగేవాళ్లని వెనకేసుకురావడం లేదు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పోలీసులు ఆంక్షలు పెడతారు. నిన్నటిదాకా 144 సెక్షన్ అనేవాళ్లం, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163వ సెక్షన్ అంటున్నారు. పెట్టాల్సిందే. సభలోకి, కోర్టులోకి, గుళ్లోకి చాకుతో పోనివ్వమని కూడా నేను అడగను. ఆ గుంపులో నా చాకు భద్రమైనదని ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది? అతను ఆపడం తప్పు కాదు. తిరిగి ఇవ్వకపోవడమే తప్పు.

ఇది చాకులు దాచుకునే నాలాంటివాళ్ల గోలే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. సాయంత్రం పని దిగి బస్సెక్కే ఎలక్ట్రీషియన్ సంచీలో వైరు చెక్కే చాకు ఉంటుంది. నర్సరీ కూలీ రొంటిన అంటుచాకు ఉంటుంది. వాళ్లకి అది మర్నాటి కూలి. పెట్టెలో పడేస్తే మళ్లీ కొనుక్కోవాలి, కొన్నది చేతికి అలవాటు పడటానికి ఎన్నాళ్లో పడుతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్‌లో చూడండి. చాకులు చేసే కమ్మర్ల పేరు మీద ఆ ఊరికి పేరొచ్చింది. ఆ పేరు కాస్తా సినిమాల్లో విలన్ల జేబులోకి పోయింది. పొడవు మీద ఆంక్షలొచ్చాక పని తగ్గింది. చివరికి 2023లో కూడలిలో ఇరవై అడుగుల చాకు విగ్రహం నిలబెట్టారు. మనకీ ఇలాంటి కథ ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. ఇప్పుడు అది పుస్తకాల్లో ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పళ్లు కోసుకున్న చాకు అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తారు. టికెట్ కొనుక్కుని మరీ చూస్తాం.

నేను అడిగేది చాలా చిన్నది. గేటు బయట, లైన్ మొదలయ్యే చోట, ఏమేం తేకూడదో తెలుగులో కొలతలతో సహా బోర్డు పెట్టాలి. లైన్ చివర పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. తెచ్చినవాటికి నంబరు టోకెన్ ఇచ్చి, వెళ్లేటప్పుడు అప్పగించాలి. అలిపిరిలో కాలినడక భక్తుల సామాను తీసుకుని కొండ మీద అప్పగిస్తున్నారు. చెప్పుల స్టాండులో రెండు చెప్పులకి ఒక బిళ్ల ఇస్తారు. సెల్‌ఫోన్ కౌంటర్లున్న గుళ్లు ఎన్నో ఉన్నాయి. అనుమతి ఇచ్చే అధికారులు సభ పెట్టేవాళ్లకి మంచినీళ్లు, పార్కింగ్ చూడమని షరతు పెడతారు కదా, ఆ కాగితంలోనే ఇంకో లైను చేర్చవచ్చు.

ఆ అట్టపెట్టె ఎవరింటికి చేరిందో తెలియదు. పారేయకుండా ఉంచినవాళ్లు ఈ ఉత్తరం చదివితే: గేదెకొమ్ము పిడి, రెండు చివర్లా ఇత్తడి, ఒక ఇత్తడి మేకు పోయి రాగి తీగ దూర్చి ఉంటుంది. అలుగు సాన పట్టీ పట్టీ మధ్యలో కొంచెం లోపలికి అరిగింది. కీలు బిగుతుగా అనిపిస్తే చుక్క కొబ్బరినూనె వేయండి. మీ పత్రిక కార్యాలయంలో ఇస్తే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం