బందీ ముఖాన్ని వార్త చేయకండి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం మీ పత్రికలో యుద్ధఖైదీల మీద పేజీ నిండా కథనం వేశారు. శ్రమపడి రాశారు, ఆపకుండా చదివించింది. కానీ కళ్లకు గంతలు కట్టి, ముఖం మీద నెత్తురు కారుతున్న పైలట్ ఫొటోను పేజీ నడిమధ్యన అంత పెద్దగా ఎందుకు వేశారో అర్థం కాలేదు. అది మీ ఫొటోగ్రాఫర్ తీసింది కాదు. చూడండి, వీడు మాకు చిక్కాడు అని లోకానికి చాటుకోవడానికి పట్టుకున్నవాళ్లు తీసుకున్నది. దాన్ని మళ్లీ అచ్చేస్తే వాళ్ల పని మనం చేసిపెట్టినట్టే కదా.

1991 గల్ఫ్ యుద్ధం మొదటి రోజు, జనవరి 17న, బహ్రెయిన్ నుంచి బయల్దేరిన బ్రిటన్ టోర్నడో బాంబర్ ఒకటి ఇరాక్‌లోని అర్ రుమైలా ఎయిర్‌ఫీల్డ్ మీద దాడికి వెళ్లి కూలిపోయింది. పైలట్ జాన్ పీటర్స్, దారి చూపే నావిగేటర్ జాన్ నికోల్ పారాచూట్లతో ఎడారిలో దిగి పట్టుబడ్డారు. కొద్ది రోజులకే ఇద్దర్నీ ఇరాక్ టీవీ ముందు కూర్చోబెట్టారు. వాచి కమిలిపోయిన పీటర్స్ ముఖం దేశదేశాల పత్రికల మొదటి పేజీకెక్కింది. మార్చి మొదటి వారంలో విడుదలై వచ్చాక గానీ, కెమెరా ముందుకు తెచ్చేలోపు తమను ఎలా కొట్టారో వాళ్ల నోటి నుంచి వినలేకపోయాం. అదే టీవీలో గాయాలతో కనిపించిన అమెరికా నేవీ బాంబర్ నావిగేటర్ జెఫ్రీ జాన్ మాత్రం, తన ముఖం మీది దెబ్బల్లో ఎక్కువ భాగం విమానంలోంచి సీటుతో సహా బయటికి ఎగిరినప్పుడు (ఎజెక్ట్ అయినప్పుడు) తగిలినవేనని తర్వాత చెప్పాడు. ఫొటో ఒక్కటి చూసి ఏం జరిగిందో చెప్పేయగలమా?

బందీ నోటితో పలికించే మాటల సంగతి ఇంకా ఘోరం. వియత్నాం యుద్ధంలో 1965 జులైలో అమెరికా నేవీ ఎ-6 బాంబర్ కూలినప్పుడు పైలట్ జెరెమయా డెంటన్, బాంబులు గురిచూసి వేసే బాంబార్డియర్ బిల్ చూడీ ఇద్దరూ చిక్కారు. మరుసటి ఏడాది డెంటన్‌ను ఒక జపాన్ టీవీ బృందం ముందుకు తెచ్చారు. లైట్ల వెలుగు కళ్లలో పడుతున్నట్టు నటిస్తూ ఆయన రెప్పలు టపటపలాడించాడు. ఆ రెప్పపాట్లతోనే, చుక్కలు, గీతలతో అక్షరాలు చెప్పే మోర్స్ కోడ్‌లో 'టార్చర్' అని ఒక్కో అక్షరం చెప్పాడు. తిండి సరిపడా పెడుతున్నారు, బట్టలిచ్చారు అని నోరు చెబుతోంది, కళ్లు ఇంకోటి చెబుతున్నాయి. ఆ ఇద్దరూ ఇల్లు చేరడానికి 1973 ఫిబ్రవరి దాకా పట్టింది. అందరికీ మోర్స్ కోడ్ రాదు, వచ్చినా ఆ స్థితిలో గుర్తుకు రాదు. అలాంటప్పుడు 'బందీ ఇలా అన్నాడు' అని హెడ్డింగ్ పెట్టడం ఏం న్యాయం?

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెప్పేది ఇదే. యుద్ధఖైదీలను హింస నుంచి, అవమానాల నుంచే కాదు, జనం వింతగా చూడటం నుంచి కూడా కాపాడాలి. 17వ అధికరణం ప్రకారం బందీ తప్పనిసరిగా చెప్పాల్సింది పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు మాత్రమే. మన దేశం 1960లో దీనికోసం చట్టం కూడా చేసింది. నిజమే, ఈ ఒప్పందం ప్రభుత్వాల మధ్యది, పత్రికలకు నేరుగా వర్తించదు. అందుకే కోర్టుకెళ్లడం మాని మీకు ఉత్తరం రాస్తున్నాను.

మనవాళ్లే దీన్ని ఎంత పట్టుదలగా పాటించారో కార్గిల్ యుద్ధంలో చూశాం. 1999 మే 27న కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజన్ ఆగిపోయి ఆయన పాకిస్తాన్ సైన్యానికి చిక్కాడు. ఇంటిపేరు చూసి మన పత్రికలన్నీ తెలుగువాడని గర్వంగా రాసుకున్నాయి. విడుదల సమయానికి, మీడియా అందరి ముందు అప్పగిస్తామని కబురొస్తే, పాకిస్తాన్‌లో అప్పటి మన హైకమిషనర్ జి.పార్థసారథి కుదరదన్నారు. మన అధికారిని కెమెరాల ముందు అవమానించనివ్వనని గట్టిగా చెప్పారు. జూన్ 3న నచికేత రెడ్‌క్రాస్ ద్వారా బయటికొచ్చాడు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 27న, పాకిస్తాన్‌కు చిక్కిన మన పైలట్ అభినందన్ వర్ధమాన్ విషయంలో ఏం చేశాం? నెత్తురోడుతున్న ముఖం, చేతిలో టీ కప్పు, ఆ వీడియోలు ఎన్నిసార్లు తిప్పితిప్పి వేశారో లెక్కలేదు. గాయపడిన మన అధికారిని అలా ప్రదర్శించడం నీచమని మన విదేశాంగ శాఖ ఆ రోజే పాకిస్తాన్‌కు నిరసన తెలిపింది. యూట్యూబ్ నుంచి 11 వీడియోలు తీసేయమని కేంద్రం అడగాల్సి వచ్చింది. ఏ ఊరని పాకిస్తాన్ మేజర్ అడిగితే, దక్షిణాది వాణ్ని అని ఊరుకున్నాడు ఆయన. ఆయన అక్కడ దాచినవన్నీ ఇక్కడ మన చానళ్లు ఇల్లు, వాకిలితో సహా చూపించేశాయి! మా మేనల్లుడు ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీలో ఉంటాడు, విమానం ఎక్కే పనే లేదు. అయినా ఆ రెండు రోజులు మా అక్క టెన్షన్‌తో టీవీ కట్టేయలేక, చూడలేక నలిగిపోయింది. పక్కింటివాళ్లు అదే క్లిప్పు ఆవిడ ఫోన్‌కే పంపారు, ఏదో సాయం చేస్తున్నట్టు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేను. అభినందన్ బతికే ఉన్నాడని వీడియో బయటపడటం వల్లే పాకిస్తాన్ బుకాయించలేకపోయిందని చాలామంది అంటారు. 1971 యుద్ధంలో తప్పిపోయినవాళ్లను తలచుకుంటే ఆ మాటలో బరువు తెలుస్తుంది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే పేరు అప్పటి పాకిస్తాన్ పత్రికలో పట్టుబడ్డ పైలట్ల జాబితాలో వచ్చింది, మనిషి మాత్రం తిరిగి రాలేదు. పాకిస్తాన్ చెరలో ఉన్నారని నమ్ముతున్న మన సైనికులు 83 మంది అని ప్రభుత్వం పార్లమెంటులో చెబుతూ వచ్చింది. 2007లో 14 మంది బంధువులు అక్కడి జైళ్లు తిరిగి ఆచూకీ దొరక్క వచ్చేశారు. కానీ గమనించండి, ఆ కుటుంబాలు ఇన్నేళ్లు పట్టుకుని వేలాడింది అచ్చులో వచ్చిన ఒక పేరును. నెత్తుటి ముఖాన్ని కాదు. పేరు వేయండి, ఎప్పుడు, ఎక్కడ పట్టుబడ్డాడో వేయండి, రెడ్‌క్రాస్ కలిసిందో లేదో రోజూ అడగండి. వీటిలో దేనికీ గంతలు కట్టిన ఫొటో అక్కర్లేదు.

పైగా ఇప్పుడు ఏ వీడియో నిజమో తేల్చుకోవడమే కష్టం. 2025 మేలో మన మహిళా పైలట్ పాకిస్తాన్‌కు చిక్కిందని పుకారు పుట్టిస్తే అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఖండించాల్సి వచ్చింది. అప్పటికే అది ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో.

మీ డెస్కుకు రాతపూర్వకంగా ఒక నియమం పెట్టమని నా మనవి. బందీని గుర్తుపట్టేలా ఉన్న ఫొటో వేయకూడదు. చెరలో ఉండగా అతను చెప్పినట్టు వచ్చిన మాటలను హెడ్డింగ్‌కు ఎక్కించకూడదు. కుటుంబం ఒప్పుకునేదాకా వాళ్ల ఇంటి చిరునామా, పిల్లల పేర్లు బయటపెట్టకూడదు. శత్రుదేశపు పైలట్ మనకు చిక్కినా ఇదే పద్ధతి ఉండాలి. అది మీకు మరీ కష్టమని నాకు తెలుసు, ఆ రోజు పక్క పత్రికలన్నీ వేసేస్తాయి. ఆ నియమమేదో యుద్ధం లేని ఈ రోజుల్లోనే రాసి, సంపాదకీయం పేజీలో ఒక మూల అచ్చేయండి. రేపు మీరు తప్పితే అడగడానికి మా చేతిలో ఆ కాగితం ఉంటుంది.

– ఒక పాఠకుడు, కాకినాడ