ఎలుకలోనా, మనిషిలోనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో ‘క్యాన్సర్ కణానికే నేరుగా మందు’ అన్న వార్త వచ్చింది. సోమవారం పొద్దున్నే మా వీధి పెద్దాయన ఆ ముక్క కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొచ్చారు. వాళ్లావిడకు ఇంకా రెండు కీమోలున్నాయి. “మాస్టారూ, ఇది వచ్చేదాకా అవి ఆపేద్దామా?” అన్నారు. ఆపొద్దని నచ్చజెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది.

భీమవరంలో ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. మందు నింపే నానో రేణువులను చేయడానికి వాడారని మీరు రాసిన ప్లాస్టిక్ లాంటి పదార్థం పీఎల్‌జీఏ కొత్తదేమీ కాదు. ఆపరేషన్ చేశాక ఒంట్లోనే కరిగిపోయే కుట్టుదారానికి చుట్టమే. తడికి మెల్లగా విడిపోయి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలవుతుంది. మొదటిది మన పెరుగులో పులుపే. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు నెలకోసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ అమెరికాలో 1989లోనే వచ్చింది, దీంతో చేసిన రేణువుల్లో నింపే. కాకపోతే ఆ రేణువులు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, గుచ్చినచోటే కూర్చుని మందు వదులుతాయి.

రక్తంలో తిరగాలంటేనే తంటా. ఉత్త నానో రేణువుకు నిమిషాల్లో ప్రొటీన్లు అంటుకుంటాయి, కాలేయమూ ప్లీహమూ దాన్ని పట్టేస్తాయి. అందుకే ప్రొటీన్లను అంత తేలిగ్గా అంటనివ్వని పెగ్ అనే పదార్థాన్ని పైన పూతగా వేసి, దాని కొసన ఫోలిక్ ఆమ్లం (ఫోలేట్ అనే విటమిన్) తగిలిస్తారు. కొన్ని రకాల క్యాన్సర్ కణాల మీద ఫోలేట్‌ను అందుకునే గ్రాహకాలు మెండు. (1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనకు పెద్ద మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. వార్తలో ఆయన పేరు లేకపోతే మాకు చివుక్కుమనదూ!)

మా విద్యార్థిని ఒకమ్మాయి ఇలాంటి రేణువులే చేసింది. నీళ్లలో ఉన్నంతసేపూ పల్చటి పాలలా, అంచున నీలిఛాయతో ముచ్చటగా ఉన్నాయి. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి ఒంటి వేడి 37 డిగ్రీల్లో ఉంచితే తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి. పెగ్ పూత చాల్లేదు. మళ్లీ మొదటికొచ్చాం.

పదేళ్ల పరిశోధన పత్రాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2016లో వచ్చింది. ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమని తేల్చారు, అదీ జంతువుల్లో. ఈ పని దండగని నేననను, అంటే నా ఉద్యోగమే పోతుంది. ఒక్కటే అడుగుతున్నాను: పరీక్షించింది ఎలుకలోనో మనిషిలోనో మొదటి వాక్యంలోనే రాయండి. మీ వార్తలో ‘ఎలుకల్లో’ అన్న మాట ఉంది, లేకపోలేదు. అది ‘తరువాయి 9లో’ పడింది. పెద్దాయన కత్తిరించుకున్నది మొదటి పేజీ ముక్క.

— ఒక ఫార్మసీ అధ్యాపకుడు, భీమవరం