షుగర్ రోగిని ఈ ప్రశ్న ఎవరూ అడగరేం?

సంపాదకులకు నమస్కారం.

నాకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఏం తినకూడదో తెలియక కాదు. రాత్రి పదకొండింటికి, అందరూ పడుకున్నాక, పప్పుల డబ్బాల వెనక దాచిన గొట్టం కాజాల పొట్లం విప్పుతాను. ఒక్కటే అనుకుంటాను. పొట్లం ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు. ఆ కాగితం మడిచి చీర మడతల్లో దాచి, తెల్లారి చెత్తబండిలో వేస్తాను. జబ్బు కంటే ఈ దాపరికమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 9.4 వచ్చింది. డాక్టరుగారు "నోరు కట్టుకోండమ్మా" అని మాత్ర పెంచారు. భయపడి మధ్యాహ్నం అన్నం మానేశాను. కడుపు మాడ్చుకున్న రోజే రాత్రి మరీ ఎక్కువ తింటానని నాకు అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది!

యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తిండి వ్యసనాన్ని కొలిచే ప్రశ్నావళిని 2009లోనే తెచ్చారు. అది వ్యసనమా కాదా అన్న వాదన ఇంకా ఉంది. కానీ ఆపుకోలేకుండా అతిగా తినే తీరును అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్ల పైమాటే. వాళ్లలో నాలా చాటుగా తినేవాళ్లు ఎందరో!

ప్రభుత్వాసుపత్రుల్లో షుగర్, బీపీ లాంటి అంటువ్యాధులు కాని జబ్బులను చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లలో వేలికి సూది గుచ్చేటప్పుడే, "తినడం మొదలుపెడితే ఆపుకోగలుగుతున్నారా?" అని ఒక్క మాట మెల్లగా అడిగించండి. ఆపుకోలేకపోతున్నానని చెప్పిన మనిషిని తిట్టకుండా కౌన్సెలర్ దగ్గరికి పంపించండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ