ట్యాంకు దగ్గర కాదు, మా కుళాయి దగ్గర పరీక్షించండి

సంపాదకులకు,

మా వీధుల్లో ప్రబలిన వాంతులు, విరేచనాల మీద వారం కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన అధికారి గారి వివరణ చదివి ఊరుకుందామనే అనుకున్నాను. నిన్న మా వీధిలో మరో ఇద్దరికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నీళ్ల నమూనాలన్నీ బాగానే ఉన్నాయట. జనమే బయటి తిండి తిని వాంతులు, విరేచనాలు తెచ్చుకున్నారట. రెండు వీధుల వాళ్లం ఒకేరోజు ఒకే బండి దగ్గర పునుగులు తిన్నామన్నమాట! మా ఎదురింటి తొమ్మిది నెలల పసివాడు కూడా తినే ఉంటాడు.

ఆ నమూనాలు పట్టింది ట్యాంకు దగ్గర. ట్యాంకులో నీళ్లు బాగాలేవని మేమెప్పుడన్నాం? అక్కడి నుంచి మా ఇంటికి వచ్చేలోగా పైపు మూడుచోట్ల మురుక్కాలవలో మునిగి తేలుతుంది. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లొదులుతారు. మిగతా 47 గంటలూ పైపులో ఒత్తిడి ఉండదు. కారే జాయింట్ల గుండా పక్కనున్న మురుగంతా లోపలికి చేరుతుంది. కుళాయికే మోటారు బిగించి లాగేసేవాళ్లు మాలోనూ ఉన్నారు, అదీ ఒప్పుకుంటాను. మొదటి పది నిమిషాలు వచ్చే నీళ్ల వాసన ఒక్కసారి చూసి పొమ్మని మూడు అర్జీలు పెట్టాను. ఎవరూ రాలేదు కానీ 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ మాత్రం వచ్చింది.

బడిలో 31 ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ని. పైపు నీళ్లలో చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. 100 మిల్లీలీటర్లలో మలంలో ఉండే ఈ.కోలి క్రిమి ఒక్కటి కూడా కనపడకూడదు. క్లోరిన్ చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి నాలుగు చుక్కలు మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది, నిమిషం పని. ఆ పని చేసిన మనిషిని మా వీధి చివర నేనింతవరకు చూడలేదు. జబ్బులు మొదలైన నాలుగో రోజున లైన్లన్నీ కడిగి, క్లోరిన్ దండిగా కలిపి, అప్పుడు సీసాలు పట్టుకొచ్చారు. ఇల్లు తుడిచాక దొంగ వేలిముద్రలు వెతికినట్టుంది.

నాయకుల పరామర్శ రోజున చూడాలి, రోడ్డుకు రెండు పక్కలా బ్లీచింగ్ పౌడర్ సంక్రాంతి ముగ్గులా పోశారు. క్రిములేమో పైపులో, మందేమో రోడ్డు మీద!

ఇక కలరా అన్న మాట మన వాళ్ల నోట రాదు. 1884లోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ కలకత్తాలో ఒక చెరువు నీళ్లలో ఆ క్రిమిని పట్టి చూపించాడు. ఇప్పటికీ ఇక్కడ 'అతిసార లక్షణాలు' దాటి ఒక్క ముక్క చెప్పరు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీళ్లకు ప్రాణాలు పోయాక కూడా ఇదే ధోరణి. కాచి తాగమని మాకు సలహాలు. గ్యాస్ బండ ధర తెలుసా వాళ్లకి? క్యాన్లు కొనుక్కోమనేవారికి ఇంకో మాట. ఆ నీళ్లను శుద్ధి చేసే ఆర్వో ప్లాంటులో క్లోరిన్ కాస్తా పోతుంది. కడగని క్యాన్‌లో పోశాక ఆ నీళ్లకు రక్షణేముంది?

వారానికోసారి చివరి కుళాయిల దగ్గర క్లోరిన్ ఎంతుందో చూసి, వార్డు బోర్డు మీద రాయండి. అంతకుమించి అడగడం లేదు. నీళ్లొచ్చే రోజు తెల్లవారుజామున ఐదున్నరకల్లా మా గుమ్మం ముందుకు రండి. సీసా తెచ్చుకోనక్కర్లేదు, కడిగి పెట్టి ఉంచాను.

– విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు