పిల్లవాడి ప్రశ్నకు జవాబిచ్చే నాథుడు లేడు

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మన ఊరి సైన్సు మ్యూజియం సోషల్ మీడియాలో ‘దూసుకుపోతోంది’ అని వేశారు. ఫాలోయర్ల లెక్క, లైకుల లెక్క, కంప్యూటరు ముందు కూర్చున్న అధికారి ఫొటో, అన్నీ ఉన్నాయి. ఆ పేజీలో ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు వస్తుందా అన్న సంగతి మాత్రం లేదు. వార్త రాసినాయన ఒక్కసారి కామెంట్లు తెరిచి చూసి ఉంటే ఆ శీర్షిక పెట్టేవాడు కాదు.

మే 9 సంగతే తీసుకోండి. ‘ఈరోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు మీ నీడ మాయం’ అని ఆ రోజు పొద్దున పదింటికి పోస్టరు పెట్టారు. ఆ తేదీ, ఆ టైము హైదరాబాదువి. అక్కడి వార్తలోంచి దించేసి మన ఊరి పేరు తగిలించారు. పరీక్షలో కాపీ కొట్టేవాడు పక్కవాడి హాల్‌టికెట్ నంబరు కూడా దించేసినట్టుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తే నిటారుగా ఉన్నవాటి నీడ పక్కకు పడదు. ఆ రోజు అక్షాంశాన్ని బట్టి మారుతుంది. తిరుపతిలో ఏప్రిల్ ఆఖరి వారం, మనకు మే 5, 6 తేదీలు, హైదరాబాదుకు మే 9, ఆదిలాబాదు చేరేసరికి మే మూడో వారం. టైమేమో రేఖాంశాన్ని బట్టి మారుతుంది, డిగ్రీకి 4 నిమిషాలు. మనం హైదరాబాదుకు తూర్పున దాదాపు 2 డిగ్రీల దూరంలో ఉన్నాం. కాబట్టి మన అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండే క్షణం, 12:04కే అయిపోయింది. పోస్టరు నమ్మి 12:12కి డాబా ఎక్కినవాళ్లకు కాళ్లు కాలడమే మిగిలింది.

ఒక పిల్లవాడు అడుగు పొడవు పైపు ముక్కను డాబా మీద నిలబెట్టి, ఫొటో తీసి కామెంట్లలో పెట్టాడు. తనకు తూర్పు పక్క సెంటీమీటరు నీడ వస్తోందనీ, పైపు వంకరగా ఉందేమోననీ అడిగాడు. పైపు వంకర లేదు నాయనా. 8 నిమిషాల్లో సూర్యుడు దాదాపు 2 డిగ్రీలు పడమటికి వాలతాడు. 30 సెంటీమీటర్ల పైపుకు ఆ వాలుకు పడే నీడ సరిగ్గా ఒక సెంటీమీటరు. తేదీ కూడా మూడు నాలుగు రోజులు తప్పింది కాబట్టి నీడ దక్షిణానికి ఇంకో 4 మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది, ఫొటో పెద్దది చేసి చూస్తే అదీ కనిపిస్తుంది. అంటే ఆ కుర్రాడు తనకు తెలియకుండానే మ్యూజియం చేసిన తప్పును మిల్లీమీటర్లతో సహా కొలిచి పంపాడు. సైన్సు మ్యూజియం పెట్టుకున్నందుకు ఇంతకంటే ఫలితం ఏం కావాలి? వాడికి దక్కిన జవాబు రెండు చేతులు జోడించిన బొమ్మ. దాని కింద ఇంకెవరో ‘నైస్ సార్’.

‘తప్పు మాదే బాబూ. రేపు మీటరు కర్ర తీసుకో, దారానికి గుండు కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకో, పన్నెండు నుంచి 12:15 దాకా రెండేసి నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దముక్కతో గీత పెట్టు, అన్నిటికన్నా పొట్టి నీడ ఎప్పుడు పడిందో అదే మన ఊరి మధ్యాహ్నం’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? అది పేజీకి పిన్ చేస్తే మర్నాడు ఊళ్లో పాతిక డాబాల మీద కర్రలు లేచేవి.

ఇంకోటి, భూమి తిరుగుతోందని చూపించే ఫూకో లోలకం (పొడవాటి తీగకు వేలాడే బరువైన గుండు) రీలు. ‘24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది’ అని రాశారు. అది ధ్రువాల దగ్గర మాట. మన అక్షాంశంలో లోలకం ఊగే దిశ గంటకు 4.3 డిగ్రీలే మారుతుంది, పూర్తి చుట్టుకు మూడున్నర రోజులు. పైగా దాన్ని టైమ్‌లాప్స్‌లో, అంటే విడివిడి ఫొటోలు అతికించి వేగంగా నడిపే పద్ధతిలో, తీశారు. టైమ్‌లాప్స్‌లో గుండు ఏ ఫ్రేములో ఎక్కడ పడుతుందో తెలియదు, దోమలా ఎగిరినట్టు ఉంటుంది తప్ప దిశ మారడం కనిపించదు. ఫోనును పైనుంచి కిందికి చూసేలా ఒకే చోట బిగించి, అరగంటకోసారి 4 సెకన్ల వీడియో తీయాలి. మూడు గంటలకు ఏడు ముక్కలు, అతికిస్తే 28 సెకన్లు. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మధ్య 13 డిగ్రీల తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఎక్స్‌పోజరు (ఫోను తీసుకునే వెలుతురు) లాక్ చేసి పెట్టుకోవాలి, లేకపోతే జనం అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

గ్యాలరీ వీడియోల్లో నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోను 60 హెర్ట్జ్ సెట్టింగులో ఉంటే ఈ పట్టీలు తప్పవు. 50కి మార్చాలి, లేదా షట్టరు వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టాలి. ఇది కెమెరా కుర్రాళ్లందరికీ తెలిసిన ముచ్చటే.

బయట ఎలా చేస్తున్నారో చూడాలంటే డబ్బు ఖర్చు పెట్టి స్టడీ టూర్లు వెళ్లనక్కర్లేదు (ఈ ముక్క రాయకుండా ఉండాల్సింది, రేపే ఫైలు కదులుతుంది). చికాగో ఫీల్డ్ మ్యూజియంలో సూ అనే 40 అడుగుల టీ-రెక్స్ అస్థిపంజరం ఉంది. 1990లో సౌత్ డకోటాలో దొరికితే 1997 వేలంలో 83 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. ట్విటర్‌లో (ఇప్పటి ఎక్స్) దానికి సొంత ఖాతా ఉంది, మాటలన్నీ ఆ డైనోసారు మాట్లాడినట్టే ఉంటాయి. ఎముకలను బట్టి ఆడో మగో తేలలేదు కాబట్టి ఎవరైనా ‘ఆమె’ అంటే సూ అక్కడికక్కడే సరిదిద్దుతుంది. జోకు జోకే, పాఠం పాఠమే. 2017లో ఒక సామాన్యుడు ట్విటర్‌లోనే, లండన్ సైన్స్ మ్యూజియానికీ పక్కనే ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియానికీ సిబ్బంది యుద్ధం వస్తే ఎవరు గెలుస్తారని అడిగాడు. రెండు సంస్థలూ డైనోసార్లనీ రోబోలనీ ఒకదాని మీదికొకటి ఉసిగొల్పుతూ బదులిచ్చాయి. అంత పెద్ద సంస్థలు ఒక్కడి చిలిపి ప్రశ్నకు పలికాయి.

డైనోసారు మనకూ ఉంది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ కోటసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. 1988లో దానికి ఊరి పేరు కలిపే కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. అది తన యాసలో, తన ప్రాణహిత లోయ కబుర్లు చెబితే ఏ తెలుగువాడు వినడు?

మన పేజీలో మాత్రం శాలువాలు, జ్యోతి ప్రజ్వలనలు, పుష్పగుచ్ఛాలు. పది పోస్టుల్లో ఏడింట ముఖ్య అతిథి ముఖం, వెనకాల ఎక్కడో సగం కోసేసిన ప్రదర్శన వస్తువు. సమాచారమంతా పోస్టరు బొమ్మలోనే, అదీ ఇంగ్లిషులో. చూపులేనివాళ్లకు తెర మీది మాటలు చదివి వినిపించే ఫోను దాన్ని ‘ఇమేజ్’ అని మాత్రమే చదువుతుంది. రెండు వాక్యాల తెలుగు వివరణ కింద రాస్తే చేతులరిగిపోతాయా? ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్లో పెట్టిన టికెట్ లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్లో పెట్టాలి. ‘తెలుగు షో ఎన్నింటికి సార్’ అని వారానికి పదిమంది అడుగుతారు. గూగుల్ మ్యాప్‌లో ఇంకా పాత వేళలే ఉన్నాయి, సెలవు రోజున గేటు దాకా వచ్చి ఆటో ఛార్జీలు వదిలించుకుని పోతున్నారు.

ఈ జబ్బు ఒక్క మ్యూజియానిది కాదు. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పని మున్సిపాలిటీ పేజీలోనూ, బస్సు రద్దయిన సంగతి చెప్పని డిపో పేజీలోనూ సారుగారి పుట్టినరోజు కేకు మాత్రం టైముకే కోస్తారు. పేజీ పైవాళ్లు చూడ్డానికి నడుస్తోంది, ప్రజల కోసం కాదు. ఆ పాస్‌వర్డు కూడా ఎవరో ఏజెన్సీ కుర్రాడి ఫోనులో ఉంటుంది. సైన్సు తెలిసిన గ్యాలరీ గైడును రోజుకు అరగంట కామెంట్ల ముందు కూర్చోబెడితే చాలు, కొత్త టెండరు అక్కర్లేదు.

ఆగస్టు మొదటి వారం చివర్లో సూర్యుడు మళ్లీ మన నడినెత్తికి వస్తాడు, ఈసారి మధ్యాహ్నం 12:13 ప్రాంతంలో. హైదరాబాదు పోస్టరు దించకండి, అక్కడ 3వ తేదీకే అయిపోతుంది. వారం ముందే తెలుగులో పెట్టండి. వానాకాలం కాబట్టి మబ్బు పట్టొచ్చనీ, ముందు రోజూ మర్నాడూ చూసినా తేడా కంటికి ఆనదనీ అందులోనే రాయండి. ఆ పైపు పిల్లవాడి కామెంటు ఇంకా అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు