లండన్‌లో మీ దగ్గర అద్దెకి తీసుకున్న గదికి కట్టిన నా 1,500 పౌండ్ల డిపాజిట్ గురించి (ఇది ఐదో మెయిల్)

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి, ముఖ్యంగా మేమందరం అన్నా అని పిలిచే మీ మేనేజర్ గారికి,

నమస్తే. ముందు పెట్టిన నాలుగు మెయిల్స్ ఇంగ్లీషులో పెట్టా, నాలుగింటికీ అదే ఆటో రిప్లై వచ్చింది. సరే మీ యాడ్ తెలుగులోనే ఉంది కదా, "లండన్‌లో మనవాళ్ళకి మన ఇల్లు" అని, అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నా. తొమ్మిదేళ్ళప్పుడు హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వచ్చేశా కాబట్టి భాషలో తప్పులుంటే ఏమనుకోకండి, లెక్కలో మాత్రం తప్పుల్లేవు.

అసలు మొదటి రోజు నుంచే మీ సలహాలతో మొదలైంది నా తిప్పలు. అమెరికన్ పాస్‌పోర్టే కదా చెల్లెమ్మా, ఆరు నెలల లోపు చదువుకి వీసా గీసా ఏం అక్కర్లేదు, టికెట్ కొనుక్కుని వచ్చెయ్ అన్నారు. వీసా అక్కర్లేదన్నది నిజమే, కానీ 2025 జనవరి 8 నుంచి అమెరికా వాళ్ళకి కూడా ఈటీఏ (బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) తప్పనిసరి అయింది, నేను బయల్దేరింది 10న. నూవార్క్‌లో చెకిన్ కౌంటర్ దగ్గర ఆపేశారు. అక్కడే నిలబడి ఫోన్‌లో 10 పౌండ్లు కట్టి అప్లై చేసి, అది వచ్చేదాకా మా నాన్న పడ్డ టెన్షన్ నాకు తెలుసు. తర్వాత మనవాళ్ళ షాపులో సాయంత్రాలు పని ఇప్పిస్తా అన్నారు కూడా, విజిటర్‌గా వచ్చినవాళ్ళు ఇక్కడ పని చెయ్యకూడదని మా యూనివర్సిటీ వాళ్ళు ఓరియంటేషన్‌లో చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నా పనేంటి?

ఇక ఇల్లు. ఈస్ట్ హామ్ స్టేషన్ పక్కనే అన్నారు, సూట్‌కేసులు లాక్కుంటూ నడిస్తే ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. మైల్ ఎండ్‌లో ఉన్న నా క్లాసులకి ట్యూబ్‌లో కూర్చునే టైమ్ కంటే స్టేషన్‌కి నడిచే టైమే ఎక్కువ. ఇంట్లో ఏడుగురం, బాత్రూమ్ ఒక్కటి. నా గది టేపు పెట్టి కొలిస్తే 5.9 చదరపు మీటర్లు. ఇలా ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది షేర్ చేసుకునే ఇళ్ళలో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 ఉండాలని ఇక్కడ రూలు, ఈ మాట నాకు చెప్పింది ఎవరో లాయర్ కాదు, పక్క గదిలో ఉన్న ఖమ్మం అక్క. పాపం ఆ అక్క లేకపోతే మొదటి వారమే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని.

రైస్ కుక్కర్ సంగతికి వస్తా, ఎందుకంటే మీరు డబ్బు కోసింది అక్కడ కూడా. అడాప్టర్ ఉంటే చాలు, కుక్కర్ ఇంటి నుంచే తెచ్చుకోండి అని మీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, స్క్రీన్‌షాట్ ఉంది. అమెరికా కుక్కర్ 120 వోల్టులది, ఇక్కడ వచ్చేది 230. అడాప్టర్ పిన్ను మారుస్తుంది కానీ కరెంటు మార్చదు కదా. సోనా మసూరి కడిగి స్విచ్ వేశానో లేదో టప్‌మని సౌండు, కాలిన వాసన, ఇల్లంతా చీకటి. ఆ రాత్రి ఏడుగురం చలిలో బ్రెడ్డు తిన్నాం. నాకు బుద్ధి లేకపోయిందనుకోండి, చెప్పిన మీకైనా ఉండాలి కదా.

మార్చి ఆఖర్లో పన్నెండు రోజులు వైఫై లేదు. ఇక్కడ ఒక్కో సబ్జెక్టుకి మొత్తం మార్కులు ఒక్క ఎస్సే మీదే ఉంటాయి, మన అమెరికాలోలాగా వారం వారం క్విజ్‌లు ఉండవు. నాకు 58 వచ్చింది. 40కి పాసు, 70 వస్తే ఫస్ట్ క్లాసు అని ఎంత చెప్పినా మా అమ్మ నమ్మదు, నేను ఫెయిలయ్యి దాస్తున్నానని ఇప్పటికీ అనుమానం. దీనికి మిమ్మల్ని డబ్బులు అడగట్లేదు లెండి.

అడిగేది డిపాజిట్. వారానికి 230 పౌండ్ల అద్దె, డిపాజిట్ 1,500 తీసుకున్నారు. 2019 టెనెంట్ ఫీజుల చట్టం ప్రకారం ఈ అద్దెకి ఐదు వారాల అద్దె మించి తీసుకోకూడదు, అంటే 1,150. తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న, డిపాజిట్లని కాపాడే స్కీములో పెట్టి ఆ కాగితం నాకివ్వాలి. ఫిబ్రవరిలో ఆ కాగితం అడిగితే మీరన్న మాట ఇది: "చెల్లెమ్మా, మనకీ మనకీ పేపర్లేంటి?" నేను నిజంగానే మొహమాటపడి ఊరుకున్నా.

జూన్ 12న తాళాలిచ్చాక మాత్రం నేను "మేడమ్" అయిపోయా. క్లీనింగ్ 180, చెకౌట్ ఫీజు 120, అడ్మిన్ 150, ఎలక్ట్రీషియన్ 85, మొత్తం 535 కట్. మిగిలిన 965 యూకే బ్యాంకు అకౌంట్‌కే వేస్తామని మెసేజ్. ఐదు నెలలకి వచ్చిన నాకు ఏ బ్యాంకూ అకౌంట్ ఇవ్వలేదని మీకు తెలుసు, మీ ఆఫీసులోనే కూర్చుని ఏడ్చా కదా. డిపాజిట్ నేను పంపింది అమెరికా అకౌంట్ నుంచే, అప్పుడు తీసుకోవడానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మా అమ్మమ్మ ఎందుకంటుందో ఇప్పుడర్థమైంది.

చెకౌట్, అడ్మిన్ ఫీజులు అసలు తీసుకోకూడనివి. గది నేను దిగినప్పటికంటే శుభ్రంగా వదిలి వీడియో తీశా, అది జత చేస్తున్నా. ఎలక్ట్రీషియన్ బిల్లు ఒరిజినల్ చూపిస్తే ఆ 85 ఒప్పుకుంటా, కుక్కర్ పెట్టింది నేనే కాబట్టి. చూపించకపోతే 1,500 మొత్తం, ఏ అకౌంట్ నుంచి వచ్చిందో అదే అకౌంట్‌కి, ఈ మెయిల్ అందిన 14 రోజుల్లో వెయ్యండి. లేదంటే కోర్టులో క్లెయిమ్ వేస్తా, స్కీములో పెట్టని డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా కట్టమని కోర్టు చెప్పొచ్చు. గది కొలతలు, ఫొటోలు ఆ ఏరియా లోకల్ కౌన్సిల్ న్యూహామ్ వాళ్ళకి కూడా పంపుతా. ఖమ్మం అక్క సాక్ష్యం చెప్తానంది, ఆవిడ డిపాజిట్ కూడా మీ దగ్గరే ఉంది.

దయచేసి ఫోన్ చెయ్యకండి, ఏదున్నా మెయిల్‌లోనే రాయండి.

ఇట్లు,
మేడమీద చివరి చిన్న గదిలో ఉన్న అమ్మాయి